ఒకే చేతి సంతకాలు

ఆల్డర్‌బ్రిడ్జ్, లీడ్స్ దగ్గర
నవంబర్ 8

మామయ్యకు,

ఫోన్ చేస్తే నీకు సగం వినపడదు. వాట్సాప్ పెడితే చూడవు. అందుకని ఈ రోజుల్లో కూడా ఉత్తరం టైపు చేసి, ప్రింటు తీసి, స్టాంపు అంటించి పంపే మేనకోడలు నీకు దొరికింది. చేత్తో రాయమని మాత్రం అడక్కు. ఈ వారం నా వేళ్ళు చెప్పిన మాట వినడం లేదు.

నిన్న కౌన్సిల్‌కు మా స్విమ్మింగ్ పూల్ పిటిషన్ ఇచ్చేశాం. 3,264 సంతకాలు. నాతో పాటు పూల్‌కి వచ్చే మార్గరెట్ గుర్తుంది కదా, డెబ్బై ఏళ్ళావిడ, ఆ కాగితాల పెట్టెను కూరగాయల ట్రాలీలో పెట్టి కౌన్సిల్ ఆఫీసు దాకా లాక్కొచ్చింది. లోపల ఉన్న అబ్బాయి రసీదు ఇస్తూ ఆవులించాడు. మేము ఐదు నెలలు గడప గడపా తిరిగింది ఆ ఆవులింత కోసమా అనిపించింది.

అత్తయ్య మొన్న ఫోన్లో అడిగింది: పూల్ మూయొద్దంటే మూయొద్దనే రాయొచ్చు కదా, కౌన్సిల్ ఎట్ల నడవాలో మీకెందుకు అని. నాకూ అదే మంట. పూల్ ఉండాలా వద్దా అని జనం చేత ఓటు వేయించే హక్కు మనకి ఇక్కడ లేదు. కౌన్సిల్ నిర్ణయాలు ఎవరు తీసుకోవాలన్నది మాత్రం ఓటుకు పెట్టించవచ్చు. ఇప్పుడు తొమ్మిది మంది కేబినెట్ ఒక గదిలో కూర్చుని అన్నీ తేల్చేస్తున్నారు. ఊరి ఓటర్లలో నూటికి ఐదుగురు, అంటే 3,100 మంది సంతకం పెడితే, ఆ అధికారం అన్ని పార్టీల సభ్యులుండే కమిటీలకు ఇవ్వాలా అని మే నెల ఎన్నికల రోజునే రెఫరెండం పెట్టి తీరాలి. రెఫరెండం ఖాయమైతే, అది తేలేదాకా పూల్ భవనాన్ని అమ్మబోమని కౌన్సిల్ రాసిచ్చింది. కాబట్టి తలుపు తీయడానికి ముందు ఇంటి పునాది గురించి మాట్లాడుతున్నాం.

నాకెందుకింత పట్టుదలో నీకు మళ్ళీ చెప్పక్కర్లేదు. వారానికి రెండు రోజులు పొద్దున్నే ఆ గోరువెచ్చటి నీళ్ళలో నడిస్తేనే ఈ కీళ్ళవాతం నన్ను ఆఫీసుకు పోనిస్తుంది. మా జీపీ డాక్టరు కూడా మందు రాసినట్టే రాసింది. నలభై రెండేళ్ళకు ఉద్యోగం మానేసి ఇంట్లో కూర్చోవడం నా వల్ల కాదు.

సెప్టెంబర్‌లో నువ్వొచ్చి మూడు వారాలు ఉండి మన తెలుగువాళ్ళ ఇళ్ళన్నీ తిరిగావు చూడు, దానికి ఎంత చెప్పినా తక్కువే. మా ఆయన అమరేందర్ ఇప్పటికీ అంటుంటాడు, మామయ్య పోయిన ప్రతి ఇంట్లో సంతకాల షీట్ నిండిందని.

నీ
స్రవంతి


లీసెస్టర్
నవంబర్ 15

చిరంజీవి స్రవంతికి మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం చేరింది. మీ అత్తయ్యకు రెండుసార్లు చదివి వినిపించాను. రచన డ్యూటీ నుంచి రాగానే దానికీ చూపించాను. హాస్పిటల్ ఫార్మసీలో పనిచేసే నా కూతురికి తండ్రి ఏదో సాధించాడని తెలియడం అరుదు.

సంతకాలు ఇచ్చేయగానే పని అయిపోయిందని అనుకోకు. కరీంనగర్ జిల్లాలో నేను పదకొండు ఎన్నికలకు ప్రిసైడింగ్ ఆఫీసరుగా చేశాను. ఒకసారి ఒక భూస్వామి భార్యను వెంటబెట్టుకొని వచ్చి, ఆమె ఓటు తానే వేస్తానన్నాడు. కుదరదన్నాను. అరగంట క్యూ ఆగింది. బూతులు తిట్టాడు. నేను కదల్లేదు. ఆమె ఒక్కతే తెర వెనక్కి పోయి ఓటు వేసి వచ్చింది. ఈ సంగతి నువ్వు చిన్నప్పటి నుంచి వింటున్నదే.

పరిశీలనలో కొన్ని సంతకాలు పోవడం సహజం. అలా పోయినవాటి గురించి ఎక్కువ ఆరా తీయకు. నూట అరవై ఎక్కువే ఉన్నాయి కదా, దిగులు లేదు. వేళ్ళకు వేడినీళ్ళ కాపడం పెట్టు.

ఇట్లు,
బాపురావు


ఆల్డర్‌బ్రిడ్జ్
డిసెంబర్ 6

మామయ్యా,

పిటిషన్ తిప్పికొట్టారు. 291 సంతకాలు కొట్టేశారు. మిగిలినవి 2,973. అంటే 127 తక్కువ.

ఓటరు జాబితాలో లేనివాళ్ళు, అడ్రసు రాయనివాళ్ళు కొందరు. అది అర్థం చేసుకోగలను. కానీ 148 సంతకాల ఎదురుగా ఒకే కారణం ఉంది: ఒకే చేతిరాత. ఒక ఇంట్లో ఒక మనిషి కూర్చుని ఇంటిల్లిపాదికీ సంతకాలు గీకేశాడు. ఒక ఇల్లు కాదు, ఎన్నో ఇళ్ళు. ఒళ్ళు మండిపోయింది. ప్రతి షీట్ పైన అంత లావు అక్షరాలతో ఉంది, ఎవరి సంతకం వాళ్ళే పెట్టాలని. ఇది కచ్చితంగా స్టేషన్ రోడ్డు పబ్బు షీట్ల పనే అని మార్గరెట్‌తో అన్నాను. బీరు తాగుతూ స్నేహితులందరి పేర్లూ రాసేసి ఉంటారు. ఆవిడ ముఖం మాడ్చుకుంది. ఆ షీట్లు తిప్పింది వాళ్ళాయన.

ఒక దారి ఉంది. చెల్లిన 2,973 అలాగే ఉంటాయి. జనవరి 30 శుక్రవారం సాయంత్రం ఐదు లోపల ఇంకో 127 చేర్చి ఇస్తే మే బ్యాలెట్‌కు అందుతుంది. అందకపోతే ఎండాకాలంలో భవనం అమ్మకం. పూల్ అయితే ఈ ఇరవయ్యో తారీఖుతోనే మూత. నీళ్ళు వేడిచేయడం దండగట.

సంతకాలు ఎవరివో షీట్లు చూపించమని ఎన్నికల ఆఫీసును అడిగాను. పద్దెనిమిదో తారీఖు రమ్మన్నారు. ఆ పనిచేసిన పెద్దమనుషులెవరో చూసి, వాళ్ళింటికే పోయి నాలుగు కడిగేసి వస్తాను.

స్రవంతి


లీసెస్టర్
డిసెంబర్ 11

చి. స్రవంతికి,

ఇక్కడ చలి ఎక్కువగా ఉంది. మీ అత్తయ్యకు దగ్గు తగ్గింది. నాకు షుగరు పరీక్షకు డాక్టరు దగ్గర తేదీ ఇచ్చారు.

జరిగినదానికి విచారించకు. షీట్లు చూసి ఇప్పుడు చేసేదేముంది. అయినవాళ్ళతో గొడవలు పెట్టుకోవడం మంచిది కాదు. చేయవలసిన పని మీద దృష్టి పెట్టు.

బాపురావు


ఆల్డర్‌బ్రిడ్జ్
డిసెంబర్ 19

మామయ్యా,

షీట్లు చూశాను.

ప్రతి షీట్ కింద దాన్ని తిప్పిన మనిషి పొడి అక్షరాలుంటాయి. పబ్బు షీట్లలో ఒక్కటీ పోలేదు. పోయిన 148 నీ షీట్లలోవే. అన్నీ మన పేర్లే. ఒక ఇంట్లో ఐదుగురు సాఫ్ట్‌వేర్ కుర్రాళ్ళు అద్దెకుంటారు, ఐదు సంతకాలూ ఒకే వంకర. ఇంకో ఇంట్లో అత్తగారు, మామగారు, కోడలు, మరదలు, అందరి సంతకమూ కొడుకుదే. మార్గరెట్ పక్కనే ఉంది. నన్ను నాలుగు మాటలు అనుంటే బాగుండేది. ఆవిడ భర్తను నేను అనుమానించిన మాట మా ఇద్దరి మధ్యా అలాగే ఉంది.

ఏడో షీట్‌లో నా పేరు కనపడింది. ఆ సంతకం నాది కాదు. అమరేందర్‌ది.

ఇంటికి పోయి అడిగితే ఆయన తల దించుకున్నాడు. నీ వేళ్ళు నొప్పిగా ఉన్నయని పెట్టిన అన్నాడు. ఇంకేం చెప్పలేదు. నేను పెట్టాననే అనుకుంటున్నాను ఇన్నాళ్ళూ. షీట్లు అన్ని చోట్లా నేనే పంచాను కదా, ఎక్కడో పెట్టే ఉంటానని. ఈ పిటిషన్ నా కాళ్ళ కోసం మామయ్యా. దాని మీద నా సంతకమే లేదు.

భూస్వామి కథ నువ్వు నాకు వంద సార్లు చెప్పుంటావు. ఆమె తెర వెనక్కి ఒక్కతే పోయిందని చెప్తుంటే నాకు ఒళ్ళు గగుర్పొడిచేది. మా స్కూల్లో వ్యాసం కూడా రాశాను. అలాంటి నువ్వు ఇది ఎలా చేశావు? పైగా రెండు ఉత్తరాల్లో తెలిసి తెలిసి నీళ్ళు నమిలావు. ఆరా తీయొద్దన్నావు. దగ్గు గురించి, షుగరు గురించి రాశావు.

రేపటితో పూల్ మూత. పొద్దున చివరిసారి వెళ్తాను.

స్రవంతి


లీసెస్టర్
డిసెంబర్ 24

స్రవంతీ,

రాయడానికి నాలుగు రోజులు పట్టింది. మూడు కాగితాలు చించాను.

మొదటి ఇంట్లో నేను నిబంధన చెప్పాను. ఇంట్లో ఆడవాళ్ళను పిలవమన్నాను. ఆ అబ్బాయి నవ్వి, "అంకుల్, ఇదేమన్న ఓటా? నేను పెడ్త తియ్యండి" అన్నాడు. నిజమే కదా, ఇది ఓటు కాదు, ఉత్త అర్జీ అనుకున్నాను. మన దగ్గర రేషన్ కార్డుకైనా, కరెంటు మీటరుకైనా ఇంటి పెద్ద పెట్టిందే అందరి సంతకం. ఆ అలవాటు చేతిలో ఉంది. పదకొండు ఎన్నికలు చేసినా అది పోలేదు.

అంతవరకైతే పొరపాటు అనవచ్చు. తర్వాతి సంగతి నీకు చెప్పలేదు. రెండో రోజు నుంచి నేనే అనడం మొదలుపెట్టాను: "అందరిది నువ్వే పెట్టెయ్ బిడ్డా, నాకింక పన్నెండిండ్లున్నయి." ప్రతి ఇంట్లో టీ ఇచ్చారు. సార్ అన్నారు. ఇక్కడ లీసెస్టర్‌లో నేను పార్సిల్ వస్తే తలుపు తీసే మనిషిని. అక్కడ మూడు వారాలు ఆఫీసరునయ్యాను. సాయంత్రం నీకు నిండిన షీట్లు ఇస్తుంటే నువ్వు సంతోషపడేదానివి. ఆ సంతోషం రోజూ కావాలనిపించింది.

నీ సంతకం గురించి అమరేందర్ నీకు పూర్తిగా చెప్పలేదు. నన్ను కాపాడాడు. ఆరోజు నువ్వు మేడ మీద పడుకున్నావు. అతను నిన్ను లేపడానికి పోతుంటే నేనే ఆపాను. షీట్‌లో ఒక్క గడి ఖాళీగా ఉంది. నువ్వే పెట్టెయ్, నొప్పులతో ఉన్నది, లేపకు అన్నాను.

నన్ను క్షమించమని అడగడానికి ముఖం చెల్లడం లేదు. జనవరిలో వచ్చి ఆ ఇళ్ళన్నీ మళ్ళీ తిరుగుతాను. ఈసారి ఒక్కొక్కరినీ పిలిపించి పెట్టిస్తాను. రమ్మంటావా?

బాపురావు


ఆల్డర్‌బ్రిడ్జ్
జనవరి 18

మామయ్యా,

రావొద్దు. కోపంతో అనడం లేదు, కోపం ఉంది కానీ దానికి కాదు. నువ్వొస్తే మళ్ళీ మగవాళ్ళే తలుపు తీసి సార్ అంటారు. నేనే తిరుగుతున్నాను. ఆఫీసు అయ్యాక రోజుకు నాలుగిళ్ళు, అంతకన్నా మోకాళ్ళు ఒప్పుకోవడం లేదు. పూల్ మూసి నెల అయింది. ఆఫీసులో వారానికి మూడు రోజులకు తగ్గించమని అడిగాను. ఒప్పుకున్నారు, జీతం కూడా తగ్గించి.

ఇవాళ్టికి 71 వచ్చాయి. సగం మంది ఇండియా వెళ్ళారు. శాంతకుమారి ఆంటీ రెండు సార్లు కళ్ళద్దాలు మార్చి, షీట్ మొత్తం చదివి, మీద పడ్డ పప్పు మరక తుడిచి మరీ పెట్టింది. అంతా చదవడం ఎందుకు ఆంటీ అని నోటిదాకా వచ్చింది. మన అలవాటు మామయ్యా, నీ ఒక్కడిదే కాదు.

అందరూ పెట్టడం లేదు. పుష్పలీల అని, కాకినాడ అమ్మాయి, వృద్ధుల కేర్ హోమ్‌లో చేస్తుంది. పోయినసారి ఆమెది వాళ్ళాయన పెట్టాడు. నేను షీట్ చాపితే చేతులు కట్టుకుంది.

"మా ఆయన పెట్టేశారా? నన్నడగలేదండి. నేను పెట్టను" అంది.

ఎందుకని అడిగాను. కాస్త తెలియజెప్తే పెడుతుందని నా నమ్మకం.

"మా పాప స్కూలు బస్సు తీసేసినప్పుడు మీ తలుపు కొట్టానండి, సంతకాల కాయితం పట్టుకుని. మీరు తలుపు తీయకుండానే మీటింగులో ఉన్నానన్నారు. ఆ బస్సు లేక నా డ్యూటీ వేళలు మారిపోయాయి. మీ పూల్ తెరిచే టైముకి నేను డ్యూటీలో ఉంటాను. నాకెందుకండీ మీ పూల్?"

నాకు ఆమె వచ్చినట్టే గుర్తు లేదు. తల కొట్టేసినట్టయింది. క్షమించమన్నాను. ఆమె టీ ఇచ్చింది, సంతకం ఇవ్వలేదు. ఆమె పేరుతో మొదటి షీట్‌లో ఉన్న సంతకం కళ్ళ ముందు కదిలింది. ఆ 3,264 అంకె మీద నమ్మకంతోనే కదా మనం నవంబర్‌లో గెలిచేశామనుకున్నాం.

ఇంకా పన్నెండు రోజులుంది. 56 కావాలి.

స్రవంతి


ఆల్డర్‌బ్రిడ్జ్
ఫిబ్రవరి 2

మామయ్యా,

శుక్రవారం సంగతి రాస్తున్నాను. నీకు తప్ప ఎవరికీ చెప్పలేను.

మధ్యాహ్నం రెండింటికి లెక్కపెట్టాను. 86. ఇంకా 41 కావాలి. తలుపు కొట్టడానికి ఇళ్ళు మిగల్లేదు. అమరేందర్ ఆఫీసు నుంచి పెందలాడే వచ్చాడు. తెలుగు సంఘం సభ్యుల జాబితా, ఖాళీ షీట్లు, నాలుగు రకాల పెన్నులు తెచ్చి డైనింగ్ టేబుల్ మీద పెట్టాడు. కొన్ని ఎడమ చేత్తో పెడ్తానన్నాడు. పోయినసారి దొరికింది ఒకే చేతిరాత వల్ల, ఈసారి దొరకదు. అందరూ మనవాళ్ళే, అడిగితే పెట్టామనే చెప్తారన్నాడు. అదీ నిజమే.

నేను వెంటనే వద్దనలేదు. దాచను నీ దగ్గర. పావుగంట ఆ పెన్నులు చూస్తూ కూర్చున్నాను. మూడింటికి బయలుదేరితే చాలు, ఐదుకు ముందే ఇచ్చేయొచ్చు. ఎండాకాలానికి నేను మళ్ళీ నీళ్ళలో ఉంటాను.

జాబితా చేతిలోకి తీసుకున్నాను. మూడో పేజీలో పుష్పలీల పేరుంది. ఆమెది వదిలేద్దామన్నాడు. మరి మిగతావాళ్ళు పెడతారని ఎట్లా తెలుసని అడిగాను.

"నువ్వు పొద్దుగాల మెట్ల మీద కూసోని ఒక్కొక్కటి జరుక్కుంట దిగుతవు. నేను కింద నిలబడి చూస్త. నాకు నీ రూల్స్ వద్దు స్రవంతీ. నాకు నువ్వు నడవాలె" అన్నాడు.

పెళ్ళైన పదహారేళ్ళలో ఆయన ఇంత సూటిగా మాట్లాడడం ఇదే మొదలు. ఏడ్చాను. ఏడ్చి, ఆ జాబితా మడిచి ఆయన చేతికిచ్చాను. 86తోనే పోయి ఇచ్చాం, 41 తక్కువతో. నాకు తెలిసే ఇచ్చాను. ఆవులించిన అబ్బాయే తీసుకున్నాడు. ఇవాళ పొద్దున ఈమెయిల్ వచ్చింది. రెఫరెండం లేదు. భవనం అమ్మకానికి మార్చిలో ప్రకటన వేస్తారు.

మంచి పని చేశానని నాకు అనిపించడం లేదు. అందరూ అలా అనిపిస్తుందంటారు, అబద్ధం. కోపంగా ఉంది. కౌన్సిల్ మీద, నీ మీద, నా మీద, బస్సు రోజున నేను తీయని తలుపు మీద. అమరేందర్ శుక్రవారం నుంచి ముక్తసరిగానే మాట్లాడుతున్నాడు. ఆ పెన్నులు ఇంకా టేబుల్ మీదే ఉన్నాయి. ఎవరం తీయడం లేదు.

నువ్వైతే ఏం చేసేవాడివి? నిజం రాయి.

స్రవంతి


లీసెస్టర్
ఫిబ్రవరి 20

స్రవంతీ,

నేనైతే పెట్టేసేవాణ్ణి. నలభై ఒకటీ పెట్టి, నువ్వు నీళ్ళలో నడుస్తున్నావని తెలిసి హాయిగా నిద్రపోయేవాణ్ణి. నిజం రాయమన్నావు కాబట్టి రాస్తున్నాను.

నీ ఉత్తరం మీ అత్తయ్యకు చదివి వినిపించాను. అయిపోయాక ఆ కాగితాలు నా చేతిలోంచి తీసుకొని తనే మళ్ళీ చదువుకుంది. చాలాసేపు చదివింది.

ఇంకొకటి కూడా చెప్పాలి, ఇది ఎవరికీ తెలియదు. ఇక్కడ మాకు ఓట్లు పోస్టులో వస్తాయి. మేమొచ్చిన ఆరేళ్ళుగా రెండు కవర్లూ నేనే విప్పుతున్నాను. రెండు బ్యాలెట్ల మీదా నేనే గుర్తు పెడుతున్నాను. నిర్మలా, ఇక్కడ సంతకం చేయి అని వేలు పెట్టి చూపిస్తే ఆమె చేసేది. ఎవరికని ఆమె అడగలేదు, ఎవరికి వేయమంటావని నేనూ అడగలేదు. తెర వెనక్కి ఒక్కతే పోయిన ఆవిడ కథ మాత్రం ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకూ చెప్పాను, మీ అత్తయ్య వాళ్ళకు చాయ్ పోస్తుండగా.

మా వార్డులో ఇప్పుడు ఉప ఎన్నిక. సోమవారం కవర్లు వచ్చాయి. నేను నడకకు వెళ్ళి వచ్చేసరికి నా కవరు బల్ల మీద ఉంది, విప్పకుండా. ఆమెది లేదు. అద్దాలు పెట్టుకొని, పేర్లన్నీ చదివి, గుర్తు పెట్టి, అంటించి, దుప్పటంత కోటు వేసుకొని, వీధి చివరి పోస్టు డబ్బాలో తనే వేసి వచ్చిందట.

ఎవరికి వేశావని అడిగాను. చెప్పలేదు.

మామయ్య